పొట్టు తీసిన శనగలు

ఉడికిన శనగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి కాస్త నొక్కితే చాలు, గింజ జారి గిన్నెలో పడుతుంది. పొట్టు వేళ్లకు అంటుకుని మిగిలిపోతుంది. ఒక కప్పు శనగలకు ఇరవై నిమిషాలు. ఎనిమిది నెలల పాటు రోజు విడిచి రోజు ఆ పని చేశాను. మొదటిరోజు మా ఆయన వంటగది గుమ్మంలో నిలబడి చూసి, "అంత చాదస్తం ఎందుకు? మిక్సీలో వేసి తిప్పితే పోలా?" అన్నారు. పోదు. ఎంత తిప్పినా పొట్టు పూర్తిగా నలగదు. నలగని పొట్టు అత్తయ్య గొంతుకు తగిలితే దగ్గు వస్తుంది, దగ్గులో ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ మాట చెబుదామని నేను తలెత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

పక్షవాతంతో అత్తయ్యకు కుడిచెయ్యి, కుడికాలు, మాట, మింగే శక్తి అన్నీ ఒకే ఉదయం పోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది. మిగతావి సరిగా రాలేదు. ఎడమచేత్తో రాస్తుందేమోనని మా ఆయన పలక కొనిచ్చారు, గీతలు తప్ప అక్షరం పడలేదు. తల ఊపినా నమ్మడానికి లేదు, అవునన్నా కాదన్నా ఒకేలా పక్కకు వాలిపోయేది. ఒకటిన్నర నెలకు ఏడు కిలోలు తగ్గింది. నడుం కింద పుండు పడింది. ఆసుపత్రిలో ఆహారం సంగతి చూసే ఆవిడ కాగితం మీద అంకెలు వేసి, "ప్రోటీన్ పెరగకపోతే పుండు మానదమ్మా. వచ్చే నెలకి బరువు ఇంకా తగ్గితే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందే," అంది. గొట్టం అనగానే అత్తయ్య ఎడమచెయ్యి నా మణికట్టును పట్టుకుంది. పెళ్లయిన ఇరవై ఒక్క ఏళ్లలో ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఉడికించిన గుడ్డు మెత్తగా చిదిమి పెడితే ఉమ్మేసింది. పాలపొడి కలిపిన సూపు ఉమ్మేసింది. తీపి కావాలని ముద్దముద్దగా అంది. ఒంట్లో చూస్తే చక్కెర జబ్బు. ఫోన్‌లో వెతికితే ఒకమ్మాయి గిన్నెనిండా చాక్లెట్ రంగు ముద్ద పెట్టుకుని, అందులో పండ్ల ముక్కలు ముంచుకుని తింటూ కనిపించింది. ఆరోగ్యకరమైన డిప్ అంది, ప్రోటీన్ ఎక్కువ, చక్కెర లేదు, ఐదే నిమిషాలు అంది. ఆ అమ్మాయి శనగలూ డబ్బాలోవే, పెరుగూ డబ్బాలోదే, పల్లీల ముద్దా డబ్బాలోదే. నేను శనగలు నానబెట్టాలి, ఉడికించాలి, వలవాలి. పెరుగును గుడ్డలో కట్టి నీరంతా కారేదాకా వేలాడదీయాలి. పల్లీల ముద్ద గొంతుకు అతుక్కుంటుంది కాబట్టి అది లేకుండానే చిక్కదనం తేవాలి. కోకోపొడి చేదు విరగడానికి రెండే రెండు ఖర్జూరాలు నానేసి, చిటికెడు ఉప్పు. మొదటిసారి బరకగా వచ్చింది. రెండోసారి పలచనై పెదవి చివరనుంచి కారిపోయింది. మూడోసారి చెంచా తిరగేస్తే ముద్ద ఒక్కసారిగా పడకుండా మెల్లగా జారింది. అత్తయ్య నోట్లో పెట్టాను. మింగింది. మళ్లీ నోరు తెరిచింది. నేను వంటగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆమె మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. హల్లులన్నీ రాలిపోయి అచ్చులే మిగిలిన మాట అది. నాకొక్కదానికే తెలిసేది, పొద్దునా సాయంత్రం రాత్రీ తినిపిస్తూ ఆమె మొహానికి జానెడు దూరంలో కూర్చునేదాన్ని కాబట్టి. అందుకని ఇంట్లో నాకు ఇంకో పని వచ్చింది. "అమ్మ ఏమంటోంది?" అని ఆయన అడిగితే చెప్పాలి.

"నాకు చెంచా పట్టుకోవడం చేతకాదంటున్నారు."

"ఇప్పుడేమంటోంది?"

"మా అమ్మ నాకేమీ నేర్పలేదంటున్నారు."

ఆయన నవ్వేవారు. "అమ్మ ఏం మారలేదు, మంచిదే. మెదడు బాగానే పనిచేస్తోందన్నమాట."

నాకు పడ్డ తిట్లు నేనే నా నోటితో మొగుడికి అప్పజెప్పడం. మార్చి చెప్పొచ్చు, ఎవరికి తెలుస్తుంది? కానీ నాది ఆసుపత్రి ల్యాబులో రక్తం నమూనాలు తీసే పని. వచ్చిన అంకెను వచ్చినట్టు రాయడం అలవాటైన చెయ్యి. నోటికీ అదే అలవాటు.

ముద్ద కుదిరాక ఇంటిల్లిపాదికీ రుచి తెలిసింది. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి ఆపిల్ ముక్కలు ముంచుకునేది. ఆయన నడక నుంచి వచ్చి బిస్కెట్లు ముంచేవారు. "చక్కెర లేదు కదా, నేనూ తగ్గాలి." అత్తయ్యకు పెట్టే వేళకు డబ్బా అడుగు కనబడేది. మూత మీద ‘అత్తయ్యది’ అని చీటీ అంటిస్తే, "ఇంట్లో తిండికి చీటీలేంటి, ఇదేమన్నా హాస్టలా?" అన్నారు. ఆదివారాలు మా వదిన, అంటే ఆయన అక్క, వచ్చి తల్లి పక్కన అరగంట కూర్చుని లేచేటప్పుడు, "నాకూ కాస్త డబ్బాలో పెట్టమ్మా, మా ఇంట్లో లొట్టలేసుకుంటూ తింటున్నారు," అనేది. ఒక కప్పు శనగలు మూడు కప్పులయ్యాయి. ఇరవై నిమిషాలు గంటయింది. ఆ గంట ఎక్కడనుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు.

శనగలు మొదలుపెట్టిన ఆరో నెలలో, నేను పనికి వెళ్తే పగటిపూట చూసుకునే ఆయా మానేసింది. ఆ ఆదివారం అక్కాతమ్ముళ్లు అత్తయ్య గదిలోనే కూర్చుని మాట్లాడుకున్నారు. నేను అత్తయ్యకు ముద్ద తినిపిస్తున్నాను.

"ఇంకో ఆయా చేతుల్లో అమ్మని పెట్టడం నా మనసుకి ఒప్పట్లేదురా," అంది వదిన.

"నాకూ అంతే అక్కా. అందుకే ఇదే తన ఉద్యోగం మానేస్తే సరిపోతుంది," అన్నారు ఆయన. అప్పుడు నావైపు తిరిగారు. "రేపు చెప్పెయ్. రక్తం తీసే పనే కదా, ఎవరైనా తీస్తారు."

ఎవరైనా తీస్తారు. నెలల పసికందు చేతిలో దారంలాంటి నరం దొరక్కపోతే, పక్క వార్డుల నుంచి కూడా నాకోసమే కబురు వస్తుంది. అది చెప్పబోయాను.

"ఒక్క ఏడాదే కదమ్మా," అంది వదిన.

అత్తయ్య ఎడమచేత్తో చెంచాను పక్కకు తోసింది. ముద్ద దుప్పటి మీద పడింది. ఆమె నావైపే చూస్తూ, "ఆ-అ-ఉ," అంది. నాకు మొదటిసారికే తెలిసింది, కానీ నమ్మలేక దగ్గరగా వంగాను. మళ్లీ అంది. మానకు.

తర్వాత ఒక్కో ముక్కా, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది. నేను మానేశాను. టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో. నాలుగేళ్లు చేశాను. మా అత్తకి తుంటి విరిగింది. ఏడాదే అన్నారు.

"అమ్మ ఏమంటోంది?" అన్నారు ఆయన.

చెప్పాను. వచ్చిన మాట వచ్చినట్టు.

వదిన ముందు తేరుకుంది. "అమ్మ ఉద్యోగం చేసిందా? కడుపున పుట్టిన మాకు తెలీకుండానా?" నా మొహంలోకి చూసింది. "మంచంలో పడి ఉంది కదా అని, నీకు కావలసింది ఆవిడ నోట్లో పెడతావా?"

"ఇంత దిగజారతావనుకోలేదు," అన్నారు ఆయన.

అత్తయ్య మెడ నరాలు తేలాయి. "అ-ఉ-ఉ, అ-ఉ-ఉ," అంటోంది. అవును, అవును అని. నోటి పక్కనుంచి ఉమ్మి కారుతోంది.

"చూడు, అమ్మకి ఎంత కోపం వస్తోందో! వద్దంటోంది," అంది వదిన.

ఆరు నెలలుగా ఆమె నన్ను తిట్టిన ప్రతి తిట్టునూ నా నోటినుంచే విని నమ్మారు వాళ్లు. ఒక్కసారైనా, నిజంగా అందా అని ఎవరూ అడగలేదు. నాకు ఏడుపు రాలేదు. అత్తయ్య గడ్డం తుడిచాను. దుప్పటి మీది ముద్ద తీశాను. ఆ తర్వాత లేచి గిన్నె ఆయన చేతిలో పెట్టాను.

"సరే, అత్తయ్య అనలేదనుకోండి. నేనంటున్నాను. నేను మానను. తల కాస్త ముందుకు వంచి పెట్టండి. మింగేదాకా రెండో చెంచా పెట్టకండి."

ఆయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. వదిన రెండు ఆదివారాలు రాలేదు. కానీ పని ఆగదు కదా. ఆయన ఆఫీసు వేళలు మార్చుకుని పొద్దున పూట తినిపించడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి ఇంకో ఆయా దొరికింది. శనగలు మాత్రం నా పనిగానే ఉండిపోయాయి. అత్తయ్య మంచిదైపోయిందనీ అనుకోకండి, కోకో చేదుగా ఉందని తిట్టడం మానలేదు. కాకపోతే సాయంత్రం నేను పని నుంచి రాగానే, "ఎంతమంది?" అని అడిగేది.

"నలభై ఇద్దరు అత్తయ్యా."

కళ్లు మూసుకుని ఆ అంకెను చాలాసేపు నములుతున్నట్టు ఉండేది. ఒకరోజు తనంతట తనే చెప్పింది. ఎక్స్‌చేంజిలో పండగ రోజుల్లో అయితే, ఒక్క పూటలో మూడు వందల మందిని కలిపేదట. చెవులు నొప్పి పుట్టేవట. ఆ నొప్పి బాగుండేదట.

పుండు మానింది. రెండు కిలోలు పెరిగింది. గొట్టం అవసరం రాలేదు. ఎనిమిదో నెల చివర్లో ఒక ఉదయం పదకొండింటికి రెండోసారి వచ్చింది పక్షవాతం. ఆ సమయంలో నేను ఎవరి చేతికో పట్టీ బిగిస్తున్నాను. ఫోన్ కోటు జేబులో మోగుతూనే ఉంది. నేను ఇల్లు చేరేసరికి ఆమె ఇక లేదు. ఫ్రిజ్‌లో డబ్బా సగం నిండే ఉంది.

ఇల్లంతా మనుషులు. నువ్వు ఇంట్లో ఉండి ఉంటే అని ఎవరూ పైకి అనలేదు, అనకుండా ఎలా చూడాలో అలా చూశారు. సాయంత్రం వదిన నా పక్కన కూలబడి నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆయన వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"పొద్దున నువ్వు వెళ్లేటప్పుడు నీతో ఏదో అందట కదా, తమ్ముడు చెప్పాడు. అదే ఆఖరి మాట. ఏమందమ్మా? నన్ను అడిగిందా? చెప్పమ్మా, నీకొక్కదానికే కదా అర్థమయ్యేది."

ఆ ఉదయం నేను ఆమె దిండు సర్దుతూ కాస్త ఆలస్యం చేశాను. ఆమె ఎడమచేత్తో నా భుజాన్ని తలుపువైపు నెట్టింది. "పో. పనికి టైమవుతోంది," అంది.

వదినకు కావలసిన మాట ఏదో నాకు తెలుసు. వచ్చిన మాట ఏదో కూడా తెలుసు.

"నాకూ అర్థం కాలేదు వదినా," అన్నాను.