ప్రొఫెసర్ గొంతులో లేని మాట

బాబాయ్ పోయాక కూడా ఆయన గొంతు నా చేతుల్లోనే ఉండిపోయింది.

సొంత బాబాయ్ కాదు. రేడియో స్టూడియోలో అందరం అలాగే పిలిచేవాళ్ళం. మా వారం వారం నాటకంలో విలన్ ఆయన. పాత్రకు పేరు లేదు, ఉత్త ‘ప్రొఫెసర్’. పోలీసు ఏ మలుపు తిరుగుతాడో ముందే తెలిసినవాడు. పట్టుబడినా, పట్టుబడటమే తన పథకమని నవ్వేవాడు. ఆ నవ్వు విన్నప్పటి నుంచి పాలవాడు తమ ఇంటి పాలల్లో నీళ్ళు కలపడం మానేశాడని బాబాయ్ గొప్పగా చెప్పుకునేవారు. నిజానికి ఆయన చీమకైనా దారిచ్చే మనిషి.

చివరి భాగం మిగిలి ఉండగా పోయారు. వేరే గొంతు పెడితే వినేవాళ్ళు ఊరుకోరని, పాత టేపుల్లోంచి ఆయన మాటలే కత్తిరించి అతకమన్నారు డైరెక్టర్ గారు. టేపు కోసి అతకడం నా ఉద్యోగం.

“చివర్లో వాడు బతిమాలాలి అమ్మాయ్. ఇన్నాళ్ళూ అందరిచేతా మూడు చెరువుల నీళ్ళు తాగించాడు. ఒక్కసారి వాడు వణికితే వినాలని జనం కాచుక్కూర్చున్నారు.”

వెతికాను. ఆజ్ఞలు దొరికాయి, ఎత్తిపొడుపులు, రకరకాల నవ్వులు దొరికాయి. ‘వద్దు’ కూడా ఉంది, కానీ అది ఎదుటివాణ్ణి బెదిరించే వద్దు. అన్నీ ముందే తెలిసినవాడికి భయం ఎవరు రాస్తారు? హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ ఇరుకు గదిలో కూర్చుంటే, ఎక్కడ కోసినా ఆయనే గెలుస్తున్నారు. ఒకసారి బ్లేడు తీసేసరికి, “నువ్వేం చెయ్యబోతున్నావో నాకు తెలుసు” అన్నారు చెవిలో. ఎప్పుడో పోలీసుతో అన్న మాటే. అయినా నా చెయ్యి ఆగిపోయింది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రెండు సీన్ల మధ్య టేపు ఆపం. ఆపితే, మళ్ళీ మోటారు వేగం అందుకునేలోపు మొదటి మాట చెడిపోతుంది. అందుకని మేం టీకి వెళ్ళినా టేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ ఖాళీలను ఎవరూ వినరు. దిక్కు తోచక నేను విన్నాను.

ఆయన చివరిసారి వచ్చిన రోజు టేపది. ప్రొఫెసర్ నవ్వు. తలుపు చప్పుడు, మా అడుగులు దూరమవడం. దగ్గు. ఒక పొడవాటి ఊపిరి. తర్వాత, నేనెప్పుడూ వినని చిన్న గొంతు.

డైరెక్టర్ గారు విని కుర్చీలోంచి లేచారు. “ఇదే కావాలి! ఇదే!” అని, కాసేపటికి తనే తగ్గారు. “వాళ్ళావిణ్ణి అడగకుండా వేస్తే తప్పు. పిలిపించు.”

పిన్ని వచ్చింది. బాబాయ్ భార్య కాబట్టి మాకు పిన్ని. నా కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్ తిప్పి తిప్పి చూసింది.

“ఇంట్లోనూ ఆయనకి నాటకమేనే. డాక్టరేమన్నాడండీ అంటే, ప్రొఫెసర్ గొంతు పెట్టి, ‘అంతా నా పథకం ప్రకారమే’ అనేవారు. నేను నవ్వేదాన్ని, పిచ్చిమొహాన్ని. ఆఖరిదాకా అదే వేషం. నిజంగా భయం లేకపోయిందా, నాతో చెప్పబుద్ధి కాలేదా? అదొక్కటే తెలియక నిద్ర పట్టట్లేదు.”

టేపు తిప్పాను. నవ్వు, దగ్గు, ఊపిరి.

“భయంగా ఉంది. దానికెలా చెప్పను? నవ్వుతూ పంపిస్తోంది, పాపం.”

హెడ్‌ఫోన్‌తో చెవులు మూసుకుని ఉన్నాయేమో, పిన్ని గొంతు పెద్దగా వచ్చింది. “ఎలాగోలా చెప్పాల్సింది! నేను కాకపోతే ఎవరు వింటారు?” నడవాలో వెళ్తున్నవాళ్ళు ఆగి చూశారు. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ. మూడోసారి తల ఊపింది, పక్కన కూర్చున్న మనిషికి ఊపినట్టు.

డైరెక్టర్ గారు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. “నువ్వు సరేనంటేనే చెల్లెమ్మా.”

“ఈ మాట వేస్తే వినేవాళ్ళేం చేస్తారు అన్నయ్యగారూ?”

ఆయన అబద్ధం చెప్పలేదు. “చప్పట్లు కొడతారు.”

“అయితే వద్దు.” హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. “ఆ ఊపిరి తీసుకోండి. ఊపిరి ఎవరికైనా ఉండేదే.”

అలాగే వేశాం. ఉరికంబం ముందు పోలీసు అడుగుతాడు, “ఇప్పుడు చెప్పు ప్రొఫెసర్, భయం వేస్తోందా?” ఒక పొడవాటి ఊపిరి. అంతే, తర్వాత ఏమీ లేదు. చచ్చిపోయాడని అందరికీ అర్థమవుతుందనుకున్నాం.

మర్నాడు ఫోన్లే ఫోన్లు. ఒక్కరూ నమ్మలేదు. అంత తెలివైనవాడు ఊరికే చస్తాడా? మాట్లాడలేదంటే ఏదో ఎత్తు వేశాడన్నమాటే!

సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది.

“పక్కింటావిడ నిన్న నాటకం అవగానే గోడ దగ్గరికొచ్చి మరీ చెప్పిందే. తప్పించుకున్నాడట. మళ్ళీ వస్తాడట. కావాలంటే చూడండి అంటూ పందెం కాసింది.”

నవ్వబోయి ఆగాను.

“ఆ టేపు కోసింది నువ్వే కదా. నీకు తెలుసు.”

“తెలుసు పిన్నీ.”

“నాకూ తెలుసు. అయినా రాత్రి తలుపు గడియ పెట్టబుద్ధి కాలేదే.”