ఒంటిగది ఇల్లు చెత్త పారేసే రోజు

ప్రతి గురువారం ఉదయం ఏడింటికి వీధి ఊడ్చే పెద్దమ్మ తన తోపుడుబండిని దర్జీ ఇంటి పక్కగోడ దగ్గర ఆపి నిలబడుతుంది. కాసేపటికి గోడ బుగ్గలా ఉబ్బి, నోరు తెరిచి, లోపలి చెత్తంతా కక్కేసి, మళ్లీ మూసుకుంటుంది. అతుకు కూడా కనిపించదు. పెద్దమ్మ తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు చేసుకుని పక్కింటికి పోతుంది. మిగతా ఇళ్లవాళ్లు బుట్టలు వేళకి బయటపెట్టరని ఆవిడకి ఒళ్లుమంట. ఈ ఇల్లొక్కటే మాట తప్పదు.

అది ఒంటిగది ఇల్లు. ఉండేది అక్కాచెల్లెళ్లిద్దరే. అక్క దర్జీ, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. చెల్లెలు కాలేజీ ల్యాబులో ఇరవై రెండేళ్లు అటెండరుగా చేసింది. కుంటనీటి చుక్క గాజుపలక మీద వేసి, మైక్రోస్కోప్ సరిచేసి, "ఒక్కొక్కరే రండర్రా, తోసుకోకండి" అనడం ఆమె పని. ఈమధ్య ఆ సూక్ష్మజీవులన్నిటినీ తెరమీదే చూపిస్తున్నారు. గాజుపలకలు కడిగే మనిషితో ఇంక పనేముందని పంపించేశారు. ఆ రోజు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

అక్క పల్లెత్తు మాట అనలేదు. కంచం మంచం దగ్గరికే తెచ్చింది, తల దువ్వింది, దుప్పటి మార్చింది. చెల్లెలు ఎప్పుడైనా లేవబోయినా "నువ్వు పడుకోవే, నేనున్నాగా" అనేది.

ఆ ఇంట్లో ఏదైనా నలభై రోజులు ఎవరికీ పనికిరాకుండా పడుంటే దాని చుట్టూ పల్చటి పొర కట్టి బుడగవుతుంది. ఆ బుడగ కొంచెం కొంచెంగా గోడవైపు జరిగి, గురువారానికి బయటపడుతుంది. బయటపడ్డది మళ్లీ లోపలికి రాదు. ఓసారి అక్క మనసొప్పక పాత ఇస్త్రీపెట్టెని తిరిగి తెచ్చుకుంటే, అది చేతిలో ఉన్నంతసేపూ వాకిలి తలుపు తెరుచుకోలేదు.

నలభై ఒకటో రోజున అక్క పాలు తెచ్చి ఇవ్వబోతే గ్లాసు దేనికో తగిలి ఆగింది. మంచం చుట్టూ పొర కట్టి ఉంది. 

"లేవే! లేచి బయటికి రా!"

"రాలేకపోతున్నానక్కా. ఇందాకే చూశా," అంది చెల్లెలు లోపల్నించి. గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంది.

"దీన్నెలా ఆపాలో చెప్పు. ఇన్నేళ్లూ మైక్రోస్కోప్‌లో ఇవేగా చూశావు."

"ఆపకూడదు. ఒకే ఒక్క కణంతో బతికే ప్రాణికి మనలా పేగులూ కిడ్నీలూ ఉండవు. నీళ్లలో కరిగే మలినం పొరగుండా దానంతటదే బయటికి పోతుంది. ఎక్కువైన నీళ్లని ఓ బుడగ నింపుకుని చిమ్మేస్తుంటుంది. అరగంది మిగిలితే ఇంకో బుడగ దాన్ని అంచుకి మోసుకెళ్లి వదిలేస్తుంది. అవన్నీ ఆగిపోతే ప్రాణి చచ్చిపోతుంది. ఈ ఇల్లూ అంతే. నన్ను పోనీ."

"నోర్ముయ్," అంది అక్క.

గురువారం దాకా మిగిలిన మూడు రోజులూ అక్క బుడగతో కుస్తీ పట్టింది. పెద్ద కత్తెర పెట్టి కోసింది, తెగలేదు. దాన్ని కుట్టుమిషను కాలికి తాడేసి కట్టింది, మిషను కూడా గోడవైపు జరిగింది. యూనిఫారాల కోసం వచ్చిన ఒకావిడ బుడగ పక్కనుంచి ఒదిగి నడిచి, "శనివారానికైనా ఇస్తారా?" అని అడిగింది. "మా చెల్లెల్ని వదిలేది లేదు, మీ బట్టల్ని ఎగ్గొట్టేదీ లేదు," అని అక్క పళ్లు కొరికింది.

గురువారం ఉదయం బుడగ గోడని తాకగానే అక్క వీధిలోకి పరిగెత్తింది. కాళ్లు పెద్దమ్మ బండికి తన్నిపెట్టి, వీపుతో గోడని లోపలికి నెట్టింది.

"జరుగు తల్లీ, నా వేళ మించిపోతోంది," అంది పెద్దమ్మ.

"జరగను!"

గోడ నోరు తెరిచింది. పొర చిట్లిపోయి, మంచమూ, మంచం మీద చెల్లెలూ వచ్చి అక్క మీద పడ్డారు. అక్క కాలు మడతపడింది. గోడ మూసుకుపోయింది.

పెద్దమ్మ ఇద్దరినీ తేరిపార చూసింది. "దర్జీని నేను లోపల దింపుతాను. పాపం ఈ అమ్మాయికి తలుపు తెరుచుకోదు, వేరే చోటు చూసుకోవాలి."

"అది రాకపోతే నేనూ రాను. ఇక్కడే కూర్చుంటా," అంది అక్క.

"కూర్చో. కానీ ఒకటడుగుతా. ముప్పై ఏళ్లుగా ఏది చెత్తో ఏది కాదో ఏరుతున్నదాన్ని. ఈ నలభై రోజుల్లో దీనికి ఒక్క పనైనా చెప్పావా?"

అక్క ప్రేమగా చేశాననుకుందే గానీ, తన చేతులతో తానే చెల్లెల్ని ఇంటికి పరాయిదాన్ని చేశానని అప్పుడు తెలిసి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెయ్యి చాపింది.

"నడవలేనే. ఎత్తుకో."

చెల్లెలు బిత్తరపోయింది. తర్వాత మంచం పట్టీ పట్టుకుని లేచింది. ఇన్నాళ్లూ వాడని కాళ్లు గడగడా వణికాయి. వంగి, అక్కని వీపు మీదికెక్కించుకుంది. రెండుసార్లు ఆగి, రొప్పి, వాకిట్లోకి చేరింది. తలుపుకి చెయ్యి ఆనించలేదు, ఆనించే చెయ్యి ఖాళీగా లేదు. ఊరికే నిలబడింది.

తలుపు తెరుచుకుంది.

మంచాన్ని మాత్రం ఇల్లు రానివ్వలేదు. పెద్దమ్మ ఎంత నెట్టినా అది గడప దాటలేదు. చివరికి దాన్ని బండికెత్తుకుని వెళ్లిపోయింది. లోపల చెల్లెలు అక్కని స్టూలు మీద కూర్చోబెట్టి చుట్టూ చూసింది. పడుకోవడానికి చోటు లేదు. వెళ్లి మిషను ముందు కూర్చుంది.

"ఈ చొక్కాలకి కాజాలెలా కుట్టాలో చెప్పు," అంది.