ఎనభై ఎడమ చేతులు

కత్తెరక్కకు ధైర్యం చెప్పని మనిషి ఇంట్లో లేడు, పనిచేసే చోటా లేడు. ధైర్యం చెప్పడానికి చేతి చమురు వదలదు కదా, అందరూ ధారాళంగా చెప్పారు.

స్కూలు యూనిఫారాలు కుట్టే షెడ్డులో ఇరవై రెండేళ్లుగా కటింగ్ బల్ల ఆవిడదే. నలభై పొరల బట్ట పరిచి, పైన అట్ట నమూనా పెట్టి సుద్దతో గీసి, మిషన్‌తో ఒకేసారి కోస్తుంది. చొక్కా చేతులకైతే అట్టను ఒకసారి ఇటు పెట్టి, ఒకసారి తిరగేసి గీయాలి. మూడు నెలల కిందట తిరగేయడం మరిచిపోయింది. నలభై చొక్కాలకు ఎనభై ఎడమ చేతులు తయారయ్యాయి. అది చూసి కళ్లు తిరిగి, ఆటోలో ఇంటికి వెళ్లిపోయింది. వాటి గతేమైందో ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

అప్పటినుంచి ప్రతి గీతనూ పదకొండుసార్లు కొలుస్తోంది. పదిసార్లు సరిపోయినా పదకొండోసారి టేపు మనసు మార్చుకుంటుందేమో ఎవరు చూశారు. మిషన్ అందుకుంటే అరచేతులు తడిసిపోయేవి, గుండె దడదడలాడేది. ఆవిడ ఒక చొక్కా కొలిచేలోపు కుట్టేవాళ్లు ఊళ్లో సంగతులన్నీ చెప్పుకోవడం అయిపోయేది. చివరికి ఓనరమ్మ పిలిచి, నెలాఖరుదాకా చూస్తానని, కుదరకపోతే గుండీలు కుట్టే వరసలో కూర్చోమని మర్యాదగానే చెప్పింది. బల్ల పోతే ఇక తనేమిటో కత్తెరక్కకు తెలియలేదు.

మొదట చూసిన డాక్టరు గుండెకూ రక్తానికీ పరీక్షలన్నీ చేయించి, "మీకేం లేదమ్మా" అన్నాడు. ఏం లేని ఆ మనిషి వరండాలోకి వచ్చి, ఊపిరాడక గోడ పట్టుకుని కూర్చుంది. బస్సు నడిపే భర్త, స్టీరింగ్ పట్టుకున్నాక ఆలోచించకూడదని బోధించాడు. వదినగారైతే ఇదంతా తీరిక ఎక్కువై వచ్చే జబ్బని తేల్చేసింది. ఆ మాట అంటూనే గ్యాసు కట్టేశానా లేదా అని మూడోసారి వంటింట్లోకి వెళ్లొచ్చింది.

షెడ్డులో ఇస్త్రీ చేసే పెద్దామె ఒక్కతే పనికొచ్చే మాట చెప్పింది. తనూ ఒకప్పుడు ఇలాగే ఉండేదాన్నంటూ, మానసిక వైద్యురాలి చిరునామా చీటీ మీద రాసిచ్చింది. ఆ వైద్యురాలు కత్తెరక్క చెప్పిందంతా విన్నది, మధ్యలో గడియారం చూడకుండా. దీన్ని ఆందోళన జబ్బంటారని, తగ్గుతుందని చెప్పి, ఒక మాత్ర రాసి, వారానికోసారి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమంది. జబ్బుకు పేరుందని తెలిసి కత్తెరక్క ఏడ్చేసింది. తను పిచ్చిదాన్నైపోతున్నానని అన్నాళ్లూ లోలోపల నమ్మింది మరి.

కౌన్సెలర్ పెట్టిన హోంవర్కు వింటే వదినగారు మూర్ఛపోయేది. ఒక్కసారే కొలవాలి, కోయాలి. భయం వస్తే రానివ్వాలి. మళ్లీ కొలవకుండా, అది దానంతటది తగ్గేదాకా కూర్చోవాలి. ఇంట్లో పాత దుప్పట్లమీద మొదలుపెట్టమంది. రెండు వారాల్లో దుప్పట్లు అయిపోయాయి గానీ భయం తగ్గలేదు. కౌన్సెలర్ గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. కత్తెరక్క నియమం తప్పలేదు, ఒక్కసారే కొలిచింది. మిగతా పదిసార్లూ భర్త కొలిచాడు.

"మీవారు కొలిచినా మీరు కొలిచినట్టేనండీ," అంది కౌన్సెలర్ నవ్వాపుకుంటూ. "టేపు ఆయన చేతికి కూడా ఇవ్వకండి."

ఆ వారం పాత చీరల వంతు, ఒకసారి కొలవగానే టేపు బీరువాలోకి వెళ్లేది. మొదటిరోజు భయం గంటసేపు కూర్చుంది, నాలుగోరోజు పావుగంట. మాత్రా తన పని తాను చేస్తున్నట్టుంది, గుండె ఇదివరకంత గోల చేయడం లేదు.

నెలాఖరున కొత్త ఆర్డరు వచ్చింది. కత్తెరక్క ఒక్కసారే కొలిచి, అట్ట తిరగేసి గీసి కోసింది. గంట తర్వాత కుట్టు మాస్టరు ఒక చేతిని పట్టుకొచ్చాడు. అర అంగుళం తక్కువ. షెడ్డంతా కుట్టడం ఆపి చూసింది. ఓనరమ్మ లేచి వచ్చింది. గుండె మళ్లీ మొదలెట్టింది. కత్తెరక్క పారిపోలేదు. బల్ల అంచు పట్టుకుని, అది కాస్త నెమ్మదించేదాకా నిలబడింది.

"తప్పు నాదే మేడమ్. అంచు మడత తగ్గించి కుడితే సరిపోతుంది."

"సరే, అలాగే కానివ్వండి," అంది ఓనరమ్మ.

అంతే. ఈ ఒక్క 'సరే'కి భయపడి మూడు నెలలు చచ్చి బతికింది. తన మీద తనకే ఒళ్లు మండింది. ఆ మంటలోనే, ఇన్నాళ్లూ అడగలేనిది అడిగేసింది.

"ఆ ఎనభై ఎడమ చేతులు ఏం చేశారు మేడమ్?"

ఓనరమ్మకు గుర్తు తెచ్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. "అవా? మర్నాడే ఇంకో నలభై పొరలు పరిచి, ఎనభై కుడి చేతులు కోయించాం. నలభైకి ఎనభై చొక్కాలయ్యాయి. స్కూలువాళ్లు అన్నీ తీసుకున్నారు. నా బాధ వాటి గురించి కాదక్కా, మీ పదకొండు కొలతల గురించి."

కత్తెరక్క కుర్చీలో కూలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తర్వాత లేచి, వచ్చే వారపు కొత్త బట్ట పరిచి ఒకసారి కొలిచింది. చెయ్యి రెండోసారి టేపు మీదికి వెళ్లింది. మెల్లగా ఆ చేతిని వెనక్కి తెచ్చుకుని మిషన్ ఆన్ చేసింది.