దయ్యం రాకముందు అరుపు

ఉగ్గాని కోసం నానిన బొరుగుల్ని గుప్పెడు గుప్పెడుగా నీళ్ళు పిండి గిన్నెలో వేస్తున్నాను. ముందుగదిలోంచి మా ఆయన కేక వేశారు.

"యశోదా, బజ్జీలు యాడికొచ్చినాయి? దయ్యం వచ్చే టయానికి పళ్ళేలు ఈడుండాల."

"దయ్యం వచ్చినాక తెస్తే వదిన పళ్ళేలు మన నెత్తిన ఇసిరేస్తాదన్నా. ముందే తెప్పించు," అన్నాడు ఓబులేసు. ముగ్గురు మగవాళ్ళూ నవ్వారు. వాళ్ళ మధ్య చాప మీద కూర్చున్న నా కూతురు శైలజ కూడా నవ్వింది. ఆ నాలుగో నవ్వు విని బొరుగుల్ని అవసరానికి మించి పిండేశాను. ముద్దయిపోయాయి.

నంద్యాలలో మా వీధిలో మొదట టీవీ కొన్నది మేమే. ఆదివారం పొద్దున వీడియో డెక్కు అద్దెకు తెస్తారు. మా ఆయన మద్దిలేటి, ఆయన ఆఫీసులోనే పనిచేసే రామయ్య, ఓబులేసు. ముగ్గురికీ దయ్యాల సినిమాల పిచ్చి. పట్టపగలు దయ్యం చూస్తే భయమేయదని కిటికీలకు దుప్పట్లు కట్టాలి. కట్టడం నా పని. ఆరు రోజులు ఆళ్ళగడ్డ బడికి బస్సులో పోయి వచ్చే నాకు ఆదివారమంటే దుప్పట్లు కట్టడం, ఉగ్గాని, బజ్జీలు, టీ, మళ్ళీ టీ, చివర దుప్పట్లు విప్పడం. సిగరెట్టు వాసన పట్టిన ఆ దుప్పట్లే రాత్రికి మేం కప్పుకోవాలి కాబట్టి వాటిని ఎండలో వేయడం కూడా.

సినిమా సగంలో ఆపి మరీ వాదించుకుంటారు.

"ఆ కోట సినిమా ఉండాదే, అంత మోసం ఇంగోటి లేదప్పా," అంటాడు రామయ్య. "మూడు గంటలు కూచోబెట్టి, కడాకు అది దయ్యం కాదంట, మేనేజరంట! ముసుగేసుకున్యాడంట!"

"బావి సినిమా మాత్రం భలే ఉండాది. నీళ్ళలో నుంచి ఊరికే జుట్టు పైకి వస్తాది సూడు... మొగం సూపీడు. అదీ పనితనం," అంటాడు ఓబులేసు.

"అవన్నీ కాదుగానీ, ఆడోళ్ళ బెంచీలు అరిచినాయా లేదా?" అంటారు మా ఆయన. "అదొక్కటే లెక్క. ఆడోళ్ళు అరిస్తే మంచి సినిమా. లేదంటే దండగ."

వాళ్ళ కొలత అదే. హాల్లో సినిమా చూసేటప్పుడు కూడా వాళ్ళు తెర కంటే ఆడవాళ్ళ బెంచీల వైపే చెవి పెట్టి కూర్చుంటారు. పెండ్లాలను వెంట తీసుకుపోయేది కూడా అందుకే. మేము అరిస్తే వాళ్ళకు సినిమా నచ్చినట్టు.

నాకూ ఆ సినిమాలు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు, ఇష్టమేనని నేనూ చెప్పలేదు. వంటింటి గడప దగ్గర నిలబడి ముక్కలు ముక్కలుగా చూస్తాను. సరిగ్గా తలుపు కిర్రుమనే చోట ఎవరో ఒకరు టీ అడుగుతారు. ఒకసారి ఉండబట్టలేక నా అభిప్రాయం చెప్పాను. ఆ సినిమాలో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల లాంతరు పట్టుకుని ఒంటరిగా మిద్దె మెట్లెక్కుతుంది. ఏదో చప్పుడైంది, చూసి రమ్మని చెప్పిన మొగుడు మంచం మీద అటు తిరిగి పడుకుంటాడు. "దయ్యం సంగతేమో గానీ, నాకు ఆయన అటు తిరిగి పడుకునేది చూస్తేనే భయమేసింది," అన్నాను.

"వదినకు దయ్యం కంటే మొగుడే భయమంట!" అని రామయ్య తొడ చరుచుకున్నాడు. మా ఆయన కూడా నవ్వారు. నవ్వుతూనే నా అరుపు కథ ఎత్తుకున్నారు. నేను నోరు తెరిచిన ప్రతిసారీ ఆ కథతోనే మూస్తారు.

ఆ కథ ఎప్పుడూ ఒకేలాగా ఉంటుంది. "మా పెండ్లైన కొత్తలో సినిమాకు పోయినాము. బాల్కనీ. ఈ పక్క నేను, ఆ పక్క యశోద, వెనక మన ఓబులేసు. ఇంకా దయ్యం రానేలేదు. పెండ్లిపాట నడుస్తాండాది. పెండ్లిపాటప్పా! ఈమె కెవ్వుమని ఒక్క అరుపు! సీటు మీద నుంచి లేచి నిలబడ్య! ఈమెను సూసి కింద బెంచీల్లో ఆడోళ్ళంతా అరిచినారు. లైట్లేసినారు. వెనక మా ఓబులేసు కూడా దడుసుకోని, లైట్లేసేతాళకు బయట సోడా తాగుతాండాడు. బి.ఏ. సదివిన పిల్ల అని చేసుకుంటే ఇదీ ధైర్యం!"

ఆ అరుపు వల్ల ఆ సినిమా భయంకరమైనదని ఊరంతా పేరు పాకిపోయింది. పాణ్యం నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారట. అది ఏమీ బాగాలేని సినిమా. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఆ పాట నడుస్తుండగా వెనక సీటు సందులోంచి ఒక చేయి వచ్చింది. ముందు నా కొంగు జారిందనుకుని సర్దుకున్నాను. మళ్ళీ వచ్చింది. నడుము మీద, రవిక కింద, చల్లగా ఇనుప గొలుసు తగిలింది. గడియారం గొలుసు. అప్పుడు అరిచాను. లైట్లు వేసేసరికి వెనక సీటు ఖాళీ. హాలు హాలంతా నన్ను చూసి నవ్వుతోంది. మా ఆయన నవ్వుతున్నారు, గర్వంగా కూడా ఉన్నారు. కొత్త పెళ్ళికూతుర్ని. చెబితే మొదట ఏమడుగుతారో నాకు తెలుసు: అంతసేపు నువ్వెందుకు ఊరుకున్నావు? దయ్యాన్ని చూసి భయపడ్డానని అందరూ అనుకుంటున్నారు కదా, అదే మేలనుకున్నాను. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోతుంటే నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక మా అత్తగారు నరసింహమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. వేస్తూ, నా ముఖంలోకి చూడకుండా, "దయ్యమేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె తన కొంగుకున్న పెద్ద పిన్నీసు తీసి నా చేతిలో పెట్టింది. "సినిమాకు పోయేటప్పుడు ఇది పెట్టుకోని పో. ఇనుముంటే యా దయ్యమూ దగ్గరికి రాదు," అంది. పాతకాలపు మనిషి, మూఢనమ్మకం అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా.

మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేను. మా నాయన వెలుగోడులో ఒకరి పొలం గుత్తకు చేస్తూ నన్ను చదివించాడు. ఎవరైనా ఆడపిల్లకు ఎందుకప్పా అంత సదువు అంటే, "సదువుకుంటే నోరొస్తాది," అనేవాడు. ఆళ్ళగడ్డ బడిలో ఆడపిల్లలకు సాంఘికశాస్త్రం చెప్తాను. పౌరుల హక్కులు నల్లబల్ల మీద రాసి, ఒక్కొక్కటీ వివరిస్తాను. రాస్తుంటే ఒక్కోసారి ఆదివారం గుర్తొస్తుంది. ఆ గొలుసు గడియారం చేతికి నేనే ఉగ్గాని పళ్ళెం అందించడం, "వదిన చేతి బజ్జీలు యాడా దొరకవు" అని ఆ నోరు మెచ్చుకోవడం, నేను తల వంచుకుని ఇంకో రెండు వడ్డించడం. అప్పుడు పిల్లల వైపు తిరగడానికి ముఖం చెల్లక, రాసినదాన్నే చెరిపి మళ్ళీ రాస్తాను.

మొన్న శనివారం స్టాఫురూములో సైన్సు చెప్పే హన్నమ్మ కొత్తగా వచ్చిన దయ్యం సినిమా గురించి చెబుతోంది. ఆళ్ళగడ్డకు వచ్చిన ఏ దయ్యాన్నీ ఆమె వదిలిపెట్టదు.

"నీకు భయం కాదా హన్నమ్మా?" అన్నాను.

"దయ్యానికేం భయం? అది పాపం చెప్పి వస్తాది. గజ్జెలు మోగిస్తాది, కుక్కల్ని అరిపిస్తాది, దీపమార్పుతాది. నంద్యాల బస్సులో మన వెనకాల నిలబడే దొంగనాబట్టలు ఏమన్నా చెప్పి వస్తారా?" అంటూ కొంగు మడత విప్పి చూపించింది. పెద్ద పిన్నీసు. "దీనికి మాత్రం అందరూ భయపడ్తారు."

నేను ఆ పిన్నీసునే చూస్తూ ఉండిపోయాను. మా అత్తగారు పోయి చాలాకాలమైంది. ఆమె అడిగింది దయ్యం గురించి కాదని నాకు ఇన్నేళ్ళకు అర్థమైంది.

"ఈ సినిమాల్లో నాకు ఒకటే నచ్చదు యశోదా," హన్నమ్మ చెప్పుకుపోతోంది. "ఆ యమ్మి బతికినన్నాళ్ళు నోరు తెరవదు. సచ్చి, తెల్లచీర కట్టుకోని వచ్చి, అప్పుడు అడుగుతాది నన్నెందుకు అట్ల చేసినావు అని. బతికుండంగా అడిగే సినిమా ఒకటన్నా తీయగూడదా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఈ ఆదివారం సినిమా అయిపోయింది. ఎవరికీ నచ్చలేదు. "ఒక్క అరుపు లేదప్పా. మనింట్లో అరిచేటోళ్ళేరీ?" అని మా ఆయన నా వైపు చూసి కన్నుగీటి ఆ కథ మొదలుపెట్టారు. బాల్కనీ, పెండ్లిపాట, వెనక మన ఓబులేసు. అరుపు దగ్గరకు వచ్చేసరికి, "ఇప్పుడు మా శైలమ్మ చేస్తాది," అని ఆగారు.

నా కూతురు లేచి నిలబడింది. కళ్ళు పెద్దవి చేసి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, కెవ్వుమని అరిచింది. అచ్చం నా అరుపే. ఎన్నిసార్లు విని నేర్చుకుందో. చప్పట్లు కొట్టారు. అది సంతోషంతో నా వైపు చూసింది, అమ్మా బాగా చేసినానా అన్నట్టు.

"అబ్బబ్బ, నిన్ను హాల్లో కూచోబెడితే ఊరంతా దడుసుకుంటాది," అన్నాడు ఓబులేసు. "మన హాల్లోకి కొత్త దయ్యం సినిమా వచ్చిందన్నా. మ్యాట్నీకి పాపను నేను తీసుకపోతా. ముందర సీట్లో కూచోబెట్టి నేను వెనక కూచుంటా. యాడ అరుస్తాదో సూస్తా."

"పోదాం చిన్నాయనా!" అంది శైలజ.

"తీసుకపో, తీసుకపో," అన్నారు మా ఆయన. "యశోదా, పాపకు మంచి గౌను తొడుగు."

నా చేతిలో టీ గ్లాసుల పళ్ళెం ఉంది. దాన్ని స్టూలు మీద పెట్టాను. గ్లాసులు గలగలమన్నాయి. అందరూ నా వైపు చూశారు. సిగ్గు ఎప్పటిలాగే మెడ మీదుగా పైకి పాకింది. అది పోయేదాకా ఆగితే పాపకు గౌను తొడగాల్సి వస్తుంది. కిటికీ దగ్గరికి పోయి దుప్పటి లాగేశాను. రెండో కిటికీదీ లాగేశాను. ఎండ ఒక్కసారిగా గదిలో పడింది. ముగ్గురూ కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఓబులేసు చేతికున్న గొలుసు తళుక్కుమంది.

"శైలూ, ఇట్లా రా." వచ్చింది. భుజం చుట్టూ చేయి వేసి నా ముందు నిలబెట్టుకున్నాను.

"ఏమైందే?" అన్నారు మా ఆయన.

"నేను దయ్యాన్ని చూసి అరవలేదు," అన్నాను. "వెనక సీట్లో నుంచి చెయ్యి వచ్చింది. నా రవిక కిందికి వచ్చింది. గడియారమున్న చెయ్యి. అందుకు అరిచినాను."

రామయ్య నవ్వబోయి, ఎవరూ నవ్వడం లేదని చూసి మానుకున్నాడు. ఓబులేసు లేచి చెప్పులు ఎక్కడున్నాయో వెతుకుతున్నాడు.

"కూచో ఓబులేసూ, టీ తాగి పో," అన్నాను. మా ఆయన వైపు తిరిగాను. "ఏమండీ, ఆ కథ ఇంకొక్కసారి చెప్పండి. ఈ పక్క మీరు, ఆ పక్క నేను. వెనక ఎవరు?"

ఇన్నేళ్ళ అలవాటు కదా. "వెనక మన ఓబు..." అని వచ్చేసింది ఆయన నోటి నుంచి. అక్కడే ఆగిపోయింది.