ఇత్తడి రేకు

మిట్టమధ్యాహ్నం. మనిషి సగం కారు డిక్కీలో ఉన్నాడు, సగం ఎండలో ఉన్నాడు.

పాట దద్దరిల్లించే సబ్‌వూఫర్ స్పీకరు పెట్టె బిగించడం అయిపోయింది. యాంప్లిఫయర్‌ని వెనక సీటు వీపుకి ఆనించి ఆఖరి స్క్రూ తిప్పుతున్నాడు. చెమట కళ్ళలోకి దిగుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. జేబులో ఫోను మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"డిక్కీ మామా, బయట నీ నడుం కిందిభాగం ఒక్కటే ఉంది. ఫోనెత్తే భాగం ఎటు పోయింది?" అన్నాడు పక్క కారు అద్దాలకి నల్ల ఫిల్ము అంటిస్తున్న స్టిక్కరు.

బతుకంతా కార్ల డిక్కీల్లోనే గడుస్తోంది కాబట్టి షాపులో అతని పేరు డిక్కీ మామ. ఫిల్ము అంటించేవాడి పేరు స్టిక్కరు. అమ్మానాన్నలు పెట్టిన పేర్లు ఇంటి దగ్గర పనికొస్తాయి.

"ఒంటి గంటకి డెలివరీ అని మాటిచ్చాను. ఫోన్లు తర్వాత మాట్లాడుకోవచ్చు," కౌంటరు దగ్గర్నించి అరిచాడు షాపు ఓనరు.

మూడోసారి మోగినప్పుడు మోచేతి మీద పైకి లేచి ఎత్తాడు. భార్య. ముందు మాట లేదు, ఏడుపే వినబడింది.

"ఏమైందో చెప్పి ఏడు."

"తమ్ముడి కారు తగలబడిపోయిందండీ. ఆసుపత్రిలో ఉన్నాం. ప్రాణానికి భయం లేదంటున్నారు గానీ, చేతులు... రెండు చేతులూ కాలిపోయాయి. తొందరగా రండి. మిమ్మల్నే అడుగుతున్నాడు."

"ఎలా అంటుకుంది?"

"ఏమో, ఎవరికి తెలుసు? కాళ్ళ కింద కార్పెట్టులోంచి పొగ వచ్చిందంట. చూస్తూ ఉండగానే మంటలంట."

కార్పెట్టులోంచి.

స్క్రూడ్రైవరు జారి సబ్‌వూఫర్ మీద పడింది. ఆ కార్పెట్టు కింద ఏముందో ఈ లోకంలో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పరిచింది అతనే.

కారులో పెద్ద మోత కావాలంటే పెద్ద కరెంటు కావాలి. అది ముందున్న బ్యాటరీ నుంచి వెనక డిక్కీ దాకా వేలు లావు తీగలో వస్తుంది. ఇంజనుకీ, మనుషులు కూర్చునే చోటుకీ మధ్య ఒక రేకు గోడ ఉంటుంది. దానికి కన్నం పెట్టి, తీగని లోపలికి లాగి, కార్పెట్టు కింద పరుచుకుంటూ వెనక్కి తీసుకుపోతారు. రేకు అంచు తీగని కొయ్యకుండా ఆ కన్నంలో ఒక రబ్బరు బుష్ పెట్టాలి. బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు పెట్టాలి. ఎక్కడైనా తీగ ఒలిచిపోయి రేకుకి తగిలితే ఫ్యూజు తెగుతుంది. పాట ఆగిపోతుంది. కారు మిగులుతుంది, మనుషులు మిగులుతారు.

షాపులో బుష్‌లు ఉండవు. ఒక టీ ఖరీదు కూడా చెయ్యని ఆ రబ్బరు ముక్కని ఓనరు ఎన్నడూ తెప్పించలేదు. అడిగితే, "టేపు చుట్టవోయ్, కన్నంలోకి తొంగి చూసేదెవడు?" అంటాడు.

షాపు బోర్డు మీద మాత్రం ఎర్రటి అక్షరాలు: 'మేము బిగించిన బండి తిరిగి రాదు.' మాట ఓనరుది, దాని ఖర్చు పనివాళ్ళది. ఏ బండయినా రిపేరని తిరిగొస్తే బిగించినవాడికి ఆ రోజు కూలి ఆరు వందలూ లేనట్టే. ఎక్కువగా తిరిగొచ్చేవి ఫ్యూజు తెగిన బండ్లు. అందుకని పనివాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. పాత ప్లగ్గుల్లోని ఇత్తడిని సుత్తితో సాగగొట్టి, ఫ్యూజు కొలతకి కత్తిరించి, దాని స్థానంలో కూర్చోబెడతారు. రేకు తెగదు, బండి రాదు, కూలి పోదు. ఎవరు ఎవరికి నేర్పారో ఎవరికీ గుర్తులేదు. ఓనరుకి తెలుసు. తెలియనట్టు ఉంటాడు. రేకు కత్తిరించడంలో డిక్కీ మామ చెయ్యి అందరికన్నా శుభ్రం.

బావమరిది నడిపే కారు అతని సొంతం కాదు. ట్రావెల్స్ నడిపే ఒకాయనది. "పాట దద్దరిల్లకపోతే బేరం రావట్లేదు, మీ బావ చేత పెట్టించుకురా" అని ఆయనే పంపాడు. బిగించిన కొన్నాళ్ళకే ఫ్యూజు పోయింది. బావమరిది మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"బావా, ప్యాసింజర్ల ముందు పాట టక్కున ఆగిపోయింది. ట్రావెల్స్ ఆయన నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఇంకోసారి పోకుండా చూడు బావా, నీకు పుణ్యముంటుంది."

ఆ రోజు అతను కూలి గురించి ఆలోచించలేదు. పిల్లనిచ్చిన ఇంటివాడు తన పని వల్ల మాట పడ్డాడే అని బాధపడ్డాడు. ఉన్న రేకుల్లో మందంగా ఉన్నదాన్ని ఏరి మరీ పెట్టాడు. ఫ్యూజు ఎందుకు పోయిందో వెతకలేదు. పోకుండా చేశాడు.

*

వార్డులో ఫినాయిలు వాసన. మంచం మీద బావమరిది రెండు చేతులకీ మోచేతుల దాకా తెల్లటి కట్లు. బాక్సింగు ఆడబోయేవాడిలా ఉన్నాడు. భార్య పక్కన కూర్చుని గ్లాసులోంచి చెంచాతో నీళ్ళు పోస్తోంది.

"రా బావా," అన్నాడు బావమరిది. పెదాలు పగిలి ఉన్నాయి. "ఇంక పేకాటలో నన్ను ఓడించడం నీకు తేలిక. ముక్కలు దాచుకోవడానికి నాకు వేళ్ళు కనబడట్లేదు."

"నోరు మూసుకుని పడుకోరా," అంది అక్క, ఏడుపూ కోపమూ కలిపి. "వెనక సీట్లో పెద్దావిడ బెల్టు ఊడలేదంటండీ. అందరూ దిగి పారిపోతే వీడు ఒక్కడూ మళ్ళీ లోపల దూరాడు. ఆవిడకి చీర కొంగు కూడా కాలలేదు. వీడికి చూడండి."

డిక్కీ మామ కట్ల వంక చూశాడు. తర్వాత మంచం కోడు వంక చూశాడు. అక్కడే చూపు నిలబెట్టుకున్నాడు.

"బావా, ఒక్క సంగతి చెప్పు," బావమరిది గొంతు తగ్గించాడు. "పొద్దుట్నించీ ఆలోచిస్తున్నా. నేనెక్కడ తప్పు చేశాను? ఇంజను వేడెక్కలేదు. ఆయిలు చూసుకునే బయల్దేరాను. పోలీసాయన వైరింగు సంగతి అడిగాడు. ఆ మాటే ఎత్తొద్దు, అది మా బావ చేత్తో బిగించింది, అందులో తప్పుండదని చెప్పాను. మరి ఇంకెక్కడ్నుంచి వచ్చింది మంట?"

డిక్కీ మామ మంచం మీది దుప్పటి సర్దాడు.

"ట్రావెల్స్ ఆయన ఏమంటున్నాడో తెలుసా?" భార్య అందుకుంది. "వీడు బీడీ తాగుతూ నడిపాడంట. బీడీ కింద పడి అంటుకుందంట. తన కూతురు పుట్టిన రోజునే మానేశాడు వీడు, మళ్ళీ ముట్టలేదు. మీరు వెళ్ళి చెప్పండి. మీకు కార్ల సంగతి తెలుసు కాబట్టి మీ మాట నమ్ముతారు."

"చెప్తాలే."

"చెప్తాలే కాదు, ఇప్పుడే వెళ్ళండి. మొహం ఎందుకలా పెట్టారు? తేలు కుట్టిన దొంగలాగా."

ఆమె మామూలుగానే అంది. రోజూ ఇంట్లో అనే మాటే. అతను మాత్రం గోడ పట్టుకున్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. "నేనే..." అన్నాడు.

"మీరే ఏంటి?"

బావమరిది అతని వంకే చూస్తున్నాడు. ఆ చూపులో అనుమానం లేదు. ఒక్క పిసరు ఉన్నా చెప్పేసేవాడే.

"నేనే వెళ్ళి మాట్లాడతాను," అన్నాడు.

ఫోను మోగింది. షాపు ఓనరు. "కింద గేటు దగ్గరున్నాను. బయటికి రా."

*

ఓనరు కారు నడుపుతూ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మాట్లాడాడు.

"ట్రావెల్స్ ఆయన ఫోన్ చేశాడు, పోలీస్ స్టేషను వెనక స్థలంలో పెట్టారంట బండిని. కాపలా కానిస్టేబులుతో మాట్లాడేశాను. ఇంకాసేపట్లో ఇన్సూరెన్స్ ఆయన వస్తాడు. బానెట్ లోపల పెద్దగా కాలలేదంట. అంటే అది అలాగే ఉంటుంది. ఎక్కడుందో నీకు తెలుసు. తీసి జేబులో వేసుకో."

"సార్, మా వాడి మీద పెడుతున్నారు తప్పంతా."

"మీ వాడి ఆసుపత్రి ఖర్చు నాది. పైసాతో సహా. సరేనా? నువ్వు నిజం చెప్తే ఏమవుతుందో ఆలోచించుకో. షాపు మూతపడుతుంది. నువ్వు రోడ్డు మీద, స్టిక్కరు రోడ్డు మీద. లోపలికి పోవాల్సొస్తే ముందు పోయేది ఎవరు? పెట్టిన చెయ్యి నాదా, నీదా?"

"నాదే."

"మరి? నేను పెట్టమన్నానా?"

అనలేదు. ఆ మాట నిజమే. ఆయన ఎన్నడూ పెట్టమనలేదు. కూలి కోశాడు, అంతే. రేకు వాళ్ళే కనిపెట్టారు.

స్టేషను వెనక చేరేసరికి, బావమరిది నడిపిన కారుకి పెంకు మాత్రం మిగిలి ఉంది. సీట్లు స్ప్రింగులైపోయాయి. వెనక సబ్‌వూఫర్ ఉన్నచోట నల్లటి ముద్ద. బానెట్ ఎత్తడానికి అతను పైపు ముక్కతో తంటాలు పడ్డాడు. లోపల ఒక పక్కే మాడింది. రేకు గోడలో తను పెట్టిన కన్నం కనబడింది. తీగ ఒలిచిపోయి దాని అంచుకి అతుక్కుపోయి ఉంది. చుట్టిన టేపు బూడిదైపోయింది. రబ్బరు బుష్ ఒక్కటి ఉంటే... వేలు పెట్టి చూశాడు. అంచు కత్తిలా తగిలింది. వేలు తెగింది.

ఫ్యూజు ఉండాల్సిన చోట ఇత్తడి రేకు నల్లబడి, వంకర పోకుండా, నిటారుగా కూర్చుని ఉంది. ఎంత మంచి పని! దాన్ని పీకి పిడికిట్లో పట్టుకున్నాడు.

ఇన్సూరెన్స్ ఆయన స్కూటరు మీద వచ్చాడు. వెనకే ట్రావెల్స్ ఆయన. ఇన్సూరెన్స్ ఆయన మర్యాదస్తుడు. అందరికీ నమస్కారం చెప్పి, ఫోనుతో ఫోటోలు తీసుకుంటూ బండి చుట్టూ తిరిగాడు. బానెట్ దగ్గర ఆగాడు.

"ఇక్కడ ఫ్యూజు ఉండాలి కదా. ఏదీ?"

"డ్రైవరే పీకేసి ఏదో కెలికి ఉంటాడండీ," అన్నాడు షాపు ఓనరు. "మేం బిగించినప్పుడు పద్ధతిగానే ఇచ్చాం. ఇదిగో, బిగించిన మనిషే ఇక్కడున్నాడు. ఆ డ్రైవరుకి స్వయానా బావ. ఆయన అబద్ధం చెప్పడు కదా. అడగండి."

దారిలో చెప్పని మాట ఇది. రేకు తియ్యడానికి మాత్రమే కాదు, ఈ సాక్ష్యం కోసం కూడా తనని తీసుకొచ్చాడు.

"బీడీ అయితేనేం, ఫ్యూజు అయితేనేం, తప్పు వాడిదే," అన్నాడు ట్రావెల్స్ ఆయన. "ఊళ్ళో ట్రావెల్స్ వాళ్ళందరికీ నేనే ఫోన్లు చేసి చెప్తాను. ఇంక జన్మలో వాడి చేతికి స్టీరింగు ఎవడిస్తాడో చూస్తా."

"చెప్పండి," అన్నాడు ఇన్సూరెన్స్ ఆయన మెల్లగా. "ఫ్యూజు తీసేసింది మీ బావమరిదేనా?"

ఊ అంటే చాలు. ఊ అనకుండా తల దించుకున్నా చాలు. ఆసుపత్రిలో తెల్లటి కట్ల మధ్యనుంచి ఒక మనిషి ఇంకా తన తప్పేమిటో వెతుక్కుంటూ ఉంటాడు. బతికినంతకాలం వెతుక్కుంటాడు.

"కాదండీ."

పిడికిలి తెరిచాడు. తెగిన వేలి రక్తం రేకుకి అంటింది.

"వాడికి ఫ్యూజు ఎక్కడుంటుందో కూడా తెలియదు. ఫ్యూజు తీసి ఇది పెట్టింది నేను. ఇందాక దీన్ని పీకింది కూడా నేనే. పీకమన్నది ఈయన."

"పిచ్చి పట్టిందా నీకు!" ఓనరు మీదికొచ్చాడు. "వినకండి సార్, బావమరిది మీద ప్రేమతో వాడి తప్పు నెత్తినేసుకుంటున్నాడు."

"ప్రేమతోనే పెట్టాను సార్," అన్నాడు డిక్కీ మామ. "మందపాటిది ఏరి పెట్టాను."

ఇన్సూరెన్స్ ఆయన రుమాలు పరిచి రేకుని అందులోకి తీసుకున్నాడు.

"ఈ ఒక్క బండిలోనేనా?"

అతను జవాబు చెప్పబోయాడు. లెక్క తెలియదు. పెళ్ళైన కొత్త జంట కారు గుర్తొచ్చింది. బడి పిల్లల్ని దింపే ఆవిడ కారు గుర్తొచ్చింది. వరసగా గుర్తొస్తూనే ఉన్నాయి. ఒక్కటీ తిరిగి రాలేదు.

ప్రహరీ అవతల రోడ్డు మీంచి ధన్ ధన్‌మని మోత వచ్చింది. గేటుకున్న గొలుసు అదిరింది. తెల్ల కారు ఒకటి సిగ్నలు దగ్గర ఆగుతోంది. వెనక అద్దం మీద తమ షాపు పేరు.

అతను పరిగెత్తాడు.

"రేపట్నించి షాపు గడప తొక్కావంటే చూడు!" వెనక ఓనరు అరుపు.

కారు పక్కకి చేరి అరచేత్తో అద్దం కొట్టాడు. నల్ల ఫిల్ము వెనక తలలు పాటకి ఊగుతున్నాయి. "దిగండి! పాట ఆపి దిగండి!" అన్నాడు. ఆ మోతలో తన గొంతు తనకే వినబడలేదు. లోపలి మనిషి అతని మసి మొహం చూసి, అడుక్కునేవాడనుకున్నాడేమో, ముందుకెళ్ళమని చెయ్యి ఊపాడు. పాట ఇంకాస్త పెంచాడు.

పచ్చ లైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

అతను కారు ముందుకొచ్చి, రెండు చేతులూ బానెట్ మీద ఆనించి నిలబడ్డాడు. రేకు అదురు మోచేతుల దాకా పాకుతోంది. కారు ఒక అడుగు ముందుకొచ్చి మోకాళ్ళకి తగిలింది.

అతను కదల్లేదు.