దాచిన క్రీము

లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడకు కూతురి మొటిమలు కంట్లో నలుసులా ఉండేవి. ఆ పిల్లకు పందొమ్మిదేళ్లు. కళ్లజోళ్ల షాపులో కౌంటర్ ఉద్యోగం అప్పుడప్పుడే దొరికింది. చర్మం డాక్టరు రెండు ట్యూబులు రాసిచ్చింది. ఒకటి మొటిమల జెల్, రెండోది మాయిశ్చరైజర్ క్రీము.

"మొహమంతా జిడ్డోడుతుంటే పైన మళ్లీ క్రీమేంటే? నూనె మరకని నూనెతో పోగొట్టినవాళ్లని నేనెక్కడా చూడలేదు" అంది తల్లి.

"డాక్టరమ్మ రాసిందమ్మా."

మర్నాటికల్లా ఆ క్రీము తల్లి బీరువాలో బట్టల అడుక్కి చేరింది. కూతురు ఇల్లంతా వెతుకుతుంటే, వస్తువు జాగ్రత్త తెలియదని పైపెచ్చు చీవాట్లు పెట్టింది. ఇంకోటి కొంటానంటే, "ముందు జెల్ పని చెయ్యనీ" అని అడ్డుపడింది.

రెండు వారాలకు పిల్ల మొహం కందగడ్డయింది. నోటి చుట్టూ చర్మం పొరలుగా లేచింది. నవ్వితే పెదవి మూల చిట్లేది, నీళ్లు తగిలితే భగ్గుమనేది. "మందు పట్టింది, పాత చర్మం పోతోంది" అని తల్లి ధైర్యం చెప్పింది. ఆ మాట తనూ నమ్మింది. పిల్ల అద్దం ముందు కూర్చుని పొరలు గిల్లుకునేది. గిల్లినచోటల్లా పుండు పడింది. మంటకు తాళలేక జెల్ కూడా మానేసింది. దాంతో మొటిమలు చీము పట్టి, మునుపటికంటే లావుగా లేచాయి.

షాపు యజమాని మెత్తగానే చెప్పాడు. "తగ్గేదాకా వెనక గదిలో ఫ్రేములు సర్దమ్మా." కౌంటర్లోకి వేరే అమ్మాయి వచ్చింది.

ఈసారి డాక్టరు దగ్గరికి తల్లి కూడా వెళ్లింది.

"మాయిశ్చరైజర్ రాస్తున్నావా?" అనడిగింది డాక్టరు.

"పోయింది మేడమ్. ఎక్కడో పారేసుకున్నాను."

"ఈ జెల్ చర్మాన్ని ఎండగొడుతుందమ్మా. దాన్ని తట్టుకోవడానికే ఆ క్రీము. మొటిమలు పెంచని రకమే రాశాను. పుండ్లు మానతాయిలే. గుంటలు మాత్రం కొన్ని ఉండిపోతాయి."

తల్లి నేలచూపులు చూస్తూ, "పోలేదు. నేనే దాచేశాను" అంది.

కూతురు ఏడవలేదు. "మరి నన్నెందుకు తిట్టావమ్మా?" అని మాత్రం అడిగింది.

పుండ్లు మానాయి. రెండు బుగ్గల మీదా గుంటలు మిగిలాయి. కౌంటర్ ఉద్యోగం తిరిగి రాలేదు. ఆర్నెల్లకు పిల్ల హాస్టల్‌కు మారిపోయింది. తల్లి ఫోన్ చేస్తే ఎత్తుతుంది. బాగున్నావా అంటే బాగున్నానంటుంది. అంతకుమించి ఒక్క మాట పెగలదు.