ముత్వా దేవుడికి మొక్కిన మేక

కోహఢానాలో మంగళవారం పొద్దున పిల్లల్ని తూకం వేస్తారు. అంగన్‌వాడీ దూలానికి తక్కెడ వేలాడదీసి, దాని సంచిలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, సుగంధక్క ముల్లు చూసి పుస్తకంలో రాసుకుంటుంది. ఆమెకు ఈమధ్యే కళ్ళజోడు వచ్చింది. అప్పటినుంచి పిల్లలందరూ తలా అరకిలో తగ్గారని ఊరి ఆడవాళ్ళ ఫిర్యాదు.

ఆ మంగళవారం ఝమియా కూతురు ఝుంకీ ఆరు కిలోలు తూగింది. పిల్లకి రెండేళ్ళు. జబ్బకి చుట్టిన రంగుల పట్టీ ఎరుపు దగ్గర ఆగింది, అంటే ప్రాణానికి ముప్పు.

"ఇక్కడిచ్చిన పిండి పొట్లం పెడుతున్నావా?" అంది సుగంధక్క.

"పెడుతున్నానక్కా."

"ఏ నీళ్ళతో కలుపుతున్నావు?"

"వాగు నీళ్ళే."

"కాచి చల్లార్చావా? సబ్బుతో చేతులు కడుక్కున్నావా?"

"సబ్బు మా అత్త పెట్టెలో ఉందక్కా. పెళ్ళిళ్ళకి తీస్తుంది."

పెడుతున్నానన్నది అబద్ధం. మొదటి పొట్లం పెట్టిన వారానికే పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. పైన గేదెలు పొర్లే వాగు అది. కానీ ఝమియా అత్త సుంద్రీబాయి తీర్పు చెప్పేసింది. "వాగు మా తాతల నాటిది. పొట్లం నిన్న వచ్చింది. తప్పెవరిదో వేరే చెప్పాలా?" అని. మనవరాలు కోలుకోవాలని ముత్వా దేవుడికి మేకని మొక్కుకుంది. బక్క మేకని ఇస్తే దేవుడు మొహం తిప్పుకుంటాడు కాబట్టి, పొట్లం మేకకి పెట్టసాగింది. ఆవిడ మాత్రం సామ జావ మీద తేట తాగి పడుకునేది. పిల్ల మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు.

వానలు వెనకపట్టేసరికి మేక నున్నగా తయారై మాట్లాడటం మొదలుపెట్టింది. ముందు "నీళ్ళు" అంది. తర్వాత "ఇంకొంచెం" అంది.

"తిన్నవాళ్ళకి మాటలొస్తాయి" అంది సుంద్రీబాయి, చేట చెరుగుతూనే.

ఝుంకీకి అప్పటికి ఉన్నవి మూడు మాటలు. మేకకి "నీళ్ళు" వచ్చిన రోజునుంచి పిల్ల నీళ్ళు అడగడం మానేసింది. "ఇంకొంచెం" కూడా అలాగే పోయింది. ఈ సంగతి ఝమియా తన మొగుడు మున్షీకి చెప్పింది.

"నన్ను నాన్నా అంటోంది, మర్యాద తెలిసిన మేక" అన్నాడు మున్షీ. దడికర్ర నాన్నా అని పిలిచినా పొంగిపోయే మనిషి. మూడో మాట అదే. అదీ పోయింది.

సుగంధక్క ఆ వీధి ఆడవాళ్ళని ఝమియా వాకిట్లో కూర్చోబెట్టి చేతులు కడుక్కునే పాఠం చెప్పింది. మరుసటి వారం, ఎప్పుడెప్పుడు కడుక్కోవాలని అడిగితే, ఇరవైమంది ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దొడ్డికి వెళ్ళొచ్చాక, వండేముందు, పిల్లకి తినిపించేముందు" అంది గుంజకి కట్టిన మేక.

పాఠం అర్థమైనవారు ఒకరు, అని సుగంధక్క రాసుకుంది. లేచి వెళ్తూ ఝమియా చెయ్యి పట్టుకుంది. "పట్నం ఆసుపత్రిలో పోషణ వార్డుంది. పద్నాలుగు రోజులు. ఇంకో నెల ఆగితే నీ పిల్ల నా పుస్తకంలో ఉండదు."

"పద్నాలుగు రోజులు అక్కడ కూర్చుంటే సోయా చేను నువ్వొచ్చి కోస్తావా?" అంది సుంద్రీబాయి. "గురువారం మొక్కు తీరిపోతుంది. పిల్ల అదే లేస్తుంది."

గురువారం ముత్వా దేవుడి రాళ్ళ దగ్గర ఊరంతా చేరింది. దేవుడి పనులు చూసే భూమ్కా తాత మేక మీద నీళ్ళు చల్లాడు. మేక ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు లెక్క. ఇది విదల్చలేదు. మాటలొచ్చిన మేకే కదా అని తాత నోటితోనే అడిగాడు.

"దేవుడు పిలుస్తున్నాడు. వెళ్తావా?"

"చేతులు కడుక్కున్నావా తాతా?"

అందరూ నవ్వారు. తాత గొడ్డలి పక్కన పెట్టి, పాపం, వెళ్ళి కడుక్కొచ్చాడు. మంచి చేసుకుందామని పొట్లంలో మిగిలిన పిండి దోసిట్లో పోసి మూతి దగ్గర పెట్టాడు.

మేక మొహం తిప్పుకుంది. "వద్దు. నా కడుపు నిండింది."

నవ్వులు ఆగిపోయాయి. ఆ ఊళ్ళో ఏ పిల్లా ఆ మాట అనగా ఎవరూ వినలేదు. ఝమియా మాత్రం గొంతు గుర్తుపట్టింది. అది ఝుంకీ గొంతు.

పిల్లని చంకనేసుకుని రోడ్డు వైపు నడిచింది.

"ఒసే, మొక్కు మధ్యలో ఎక్కడికే?"

"మొక్కు నీది అత్తా. పిల్ల నాది."

వార్డులో పద్నాలుగు రోజులు నలభై అయ్యాయి. ఝుంకీ బతికింది. ఎముకల మీద కండ పట్టింది. మాటల సంగతి అడిగితే డాక్టరమ్మ చాలాసేపు పిల్ల తల నిమిరింది. "రెండేళ్ళలోపు తలకి అందాల్సింది అందలేదమ్మా. దానికి నా దగ్గర మందు లేదు" అంది.

ఒప్పుకోని మేకని కొయ్యకూడదు కాబట్టి మేకా బతికింది. సుంద్రీబాయి పెట్టెలోంచి సబ్బు తీసి నీళ్ళ కుండ పక్కన పెట్టింది.

ఇప్పుడు ఝుంకీకి ఆరేళ్ళు. సాయంత్రం పని తెమిలాక ఝమియా పిల్లని ఒళ్ళో పెట్టుకుని మేక దగ్గర కూర్చుంటుంది. కూతురి గొంతు వినడానికి ఆమెకున్న చోటు అదొక్కటే. మేక గడ్డం నెరిసింది.

"అమ్మా, నన్ను బళ్ళో ఎప్పుడు వేస్తావు?" అంది మేక.

"వచ్చే ఏడు."

"పోయినేడూ అదే అన్నావు."

ఝమియా ఒళ్ళో పిల్ల జుట్టు చిక్కు తీయసాగింది. పిల్ల మేక మూతినే చూస్తోంది.